ఆమె తరఫున ఇచ్చిన మాట

దొంగలు మీరే. కట్టుడు పళ్ళ ల్యాబు పెట్టి, మైనం బల్ల దగ్గర ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టి, కొత్త మిషను వచ్చిన ప్రతిసారీ మగవాళ్ళనే ట్రైనింగుకు పంపిన ఓనర్లారా, మిమ్మల్నే అంటున్నాను. "ఆడాళ్ళకి నేర్పిస్తే ఏం లాభం, రేపు కడుపనో కాపురమనో మానేస్తారు" అన్నారు. వాళ్ళు మానలేదు. మీరు పంపినవాళ్ళే మానేశారు. అయినా మీకు బుద్ధి రాలేదు.

ఆ మైనం బల్ల దగ్గర కూర్చునేవాళ్ళలో ఒకామె ఆ సాయంత్రం ఇంట్లో తన అత్తగారి పళ్ళ సెట్టు కడుగుతోంది. అది ఆమె చేతులతో చేసిందే. అత్తగారి పాత ఫొటో ఒకటి బల్ల మీద పెట్టుకుని, మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, ముందు పన్ను కాస్త పక్కకి ఒరిగేలా కూర్చింది. అసలు పన్ను అలాగే ఉండేది మరి. తీరా పెట్టుకున్నాక ఆ పళ్ళతో అత్తగారు మొదట కొరికింది కోడలినే. "ఊరందరి పళ్ళకీ మెరుగు పెడుతుంది, మన ఇంట్లో గిన్నెకి మాత్రం జిడ్డు వదలదు" అంది. ఆమెకు కోపం కంటే ముందు నవ్వొచ్చింది. సెట్టు ఎంత బాగా కుదిరిందంటే, అంత మాటన్నా ఇసుమంతైనా జారలేదు.

అప్పుడు వచ్చాడు భర్త, చెప్పులు విప్పుతూనే. "మీ ఓనర్ ఫోన్ చేశాడు. కంప్యూటర్లో పళ్ళు గీసే మిషను ఉందటగా, దానికి నిన్ను ట్రైనింగుకి పంపుతాడట. ఖర్చంతా వాళ్ళదే. నేర్చుకుని మానేస్తావేమోనని ఆయన బెంగ. నేనున్నానుగా సార్, ఐదేళ్ళదాకా కదలదు, నాది పూచీ అన్నా."

"నన్నడగరా?"

"మంచి వార్తకి కూడా అడగాలా?"

ఆమె వెళ్ళి గిన్నెల ముందు కూర్చుంది. మానేయాలని ఆమె కొన్నాళ్ళుగా అనుకుంటూనే ఉంది. బస్సు చివరి స్టాపు దగ్గర ఒక డాక్టరమ్మ కొత్త ల్యాబు పెట్టింది. "మిషను మీద చెయ్యి తిరిగితే వచ్చి చేరు" అంది. ఇప్పుడు ఆ మిషనే నేర్పిస్తామంటున్నారు. వీళ్ళ ఖర్చుతో నేర్చుకుని అక్కడికి పోతే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదా? పీచు గిన్నె మీద తిరుగుతోంది, బుర్రలో ఆ ప్రశ్న తిరుగుతోంది. ఇంతకుముందు ల్యాబులో కంప్యూటర్ బాబు అని పిలిచేవాళ్ళు ఒకతన్ని. కంపెనీ ఖర్చుతోనే ట్రైనింగుకి వెళ్ళాడు, వచ్చాడు, కొన్నాళ్ళకే ఇంకో చోట చేరాడు. ఓనరు దగ్గరుండి కేకు కోయించి, "మగాడన్నాక ఎదగాలి" అని వీపు తట్టాడు. ఆ ప్లేట్లు కడిగింది ఆమే. మరి అతను బయల్దేరే ముందు అతని పెళ్ళానికి ఎవరైనా ఫోన్ చేశారా, "మీ ఆయన కదలడని మాటివ్వమ్మా" అని? అతను పోతే ఎదుగుదల, ఆమె పోతే ద్రోహం. గిన్నె ఎప్పుడో తళతళలాడింది. ఆమె ఇంకా రుద్దుతూనే ఉంది.

మర్నాడు ల్యాబులో పాలిష్ చక్రం దగ్గర కూర్చునే అక్కకి అంతా చెప్పింది.

"నేర్చుకో. నేర్చుకున్నది నీ చేతుల్లో ఉంటుంది, వాళ్ళ బీరువాలో కాదు" అంది పాలిష్ అక్క. "అబద్ధమాడి మాత్రం వెళ్ళకు. ఆ తర్వాత ఎక్కడ కూర్చున్నా తలుపు చప్పుడైతే ఉలిక్కిపడతావు."

"నిజం చెబితే ట్రైనింగూ పోతుంది, ఉన్న పనీ పోతుంది."

"పోవచ్చు. నన్నయితే ఆ మాట అడిగేవాడు కూడా లేడు. పాలిష్ పట్టేదాన్ని ఎవడు పంపుతాడే?" అని నవ్వి చక్రం తిప్పింది అక్క. ఆ నవ్వు ఆమెకు గుచ్చుకుంది.

ఓనరు పిలిచాడు. గుడ్డ కప్పిన కొత్త మిషను పక్కనే ఆయన కుర్చీ. "మీ ఆయన మాటిచ్చాడమ్మా. బంగారంలాంటి మనిషి."

"అయితే ఆయన్నే పంపండి సార్."

"ఏంటి?"

"మాటిచ్చింది ఆయన కదా. ఐదేళ్ళూ ఆయనే వచ్చి కూర్చుంటాడు. మైనం వాసన పడదు, బల్ల మీద టీ ఒలకబోస్తాడు. కాస్త సర్దుకోండి."

వెనక పాలిష్ చక్రం ఆగింది. మైనం బల్ల దగ్గర ఎవరో ముక్కులోంచి నవ్వారు. ఓనరు మొహం ఎర్రబడింది. ఫోన్ తీసి ఆమె భర్తకి కలిపి, అందరికీ వినపడేలా పెట్టాడు. "మీ ఆవిడ ఏమంటోందో విను బాబూ."

"ఇవ్వండి సార్, నేను చెప్తా దానికి."

ఆమె ఫోన్ దగ్గరికి వంగింది. "నాకు చెప్పేదేం లేదండీ. మీరిచ్చిన మాట ఓనరు గారికి చెప్పి వెనక్కి తీసుకోండి. అందరూ వింటున్నారు."

అవతల భర్త సన్నగా గొంతు సవరించుకున్నాడు. "నేనేదో మాటవరసకి అన్నా సార్. ఆ సంగతి... తన్నే అడగండి."

పెళ్ళయ్యాక ఆ నోట ఆ మాట రావడం అదే మొదలు.

"అంటే మానేస్తావా?" అన్నాడు ఓనరు, ఈసారి ఆమెనే చూస్తూ.

"ఏమో సార్. నేర్చుకుని వస్తా, మిషను నడుపుతా, నడిపినన్నాళ్ళూ ఒళ్ళు దాచుకోను. పోవాలనిపిస్తే ముందుగా మీ మొహం మీదే చెప్తా. పోవాలనిపించకుండా చూసుకోవడం మీ పని."

"నమ్మకం లేకుండా ఎలా పంపను?"

"నమ్మకం ఉన్నవాళ్ళని పంపి చూశారుగా."

ఓనరు మిషను మీది గుడ్డ వైపు చూశాడు. దాన్ని తీసేవాళ్ళు ఆ గదిలో ఇంకెవరూ లేరు. "సరే. సోమవారం బయల్దేరు. టికెట్ తీయిస్తా."

"ఒకటి చాలదు సార్. ఒక్కదానికే నేర్పించి, అదెప్పుడు పోతుందోనని కాపలా కాస్తారా? పాలిష్ అక్కని కూడా పంపండి. రెండు టికెట్లు. ఫోన్ చేతిలోనే ఉందిగా, టికెట్లు తీసేవాళ్ళకి ఇప్పుడే చెప్పండి."