విభూతితో తోమిన రూపాయి

నేను ఒక వెండి రూపాయిని. ఒక ముఖాన రాణిగారి బొమ్మ, వెనక పువ్వుల దండ మధ్య నా వెల. కలకత్తా టంకశాలలో అచ్చు కింద ఒక్క దెబ్బకి పుట్టాను. ఆ దెబ్బకి వెండి కదిలిన తీరే నా చర్మం, నా మెరుపూ అందులోదే. ఇప్పుడు మీరు చూస్తున్న ఈ తళతళ అది కాదు. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది, చెప్పకపోతే ఇంకా సిగ్గు.

నేను ఎక్కువ చేతులు మారలేదు. బియ్యం వర్తకుడి మొలలో నాలుగు రోజులు, ఒక మంత్రసాని కొంగున ఒక పూట. ఆ తర్వాత సామర్లకోటలో ఒక ఇల్లాలు నన్ను నూలుగుడ్డలో చుట్టి చెక్కపెట్టె అడుగున పెట్టింది. అంతే, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోలేదు. చీకట్లో మెల్లగా నల్లబడ్డాను. మనుషులకి నలుపంటే మురికే. నాకు మాత్రం అది కప్పుకున్న దుప్పటి.

ఆ ఇల్లాలి మనవరాలు భ్రమరాంబమ్మ నన్ను రాజమండ్రి తెచ్చి భర్త చేతిలో పెట్టింది. ఆయన సోమశేఖరం గారు, రైల్వే గార్డుగా రిటైరై నాణేల పిచ్చిలో పడ్డ మనిషి. ఊళ్లో నాణేల సంఘానికి కార్యదర్శి. నాణేన్ని కడగడమంటే దాని తోలు వలవడమేనని ప్రతి ఆదివారం కొత్తవాళ్లకి పాఠం చెప్పేవారు.

నాణేలను పరీక్షించి, గ్రేడు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపే సంస్థ ఒకటి దూరపు ఊళ్లో ఉంది. నాకు పెద్ద గ్రేడు వస్తుందని, సంఘం ప్రదర్శనలో మొదటి అద్దాల బల్ల నాదేనని ఆయన అందరికీ చాటేశారు. అంత చాటాక భయం పట్టుకుంది. నలుపు చూసి గ్రేడు తగ్గిస్తేనో! పంపే ముందురోజు భ్రమరాంబమ్మ కూరలకి వెళ్లగానే, ఆవిడ వెండి కుందులు తోమే విభూతి తెచ్చి, తడిపి నన్ను రుద్దారు. ధగధగలాడిపోయాను. ఆయన మురిసిపోయారు. నిజం చెప్పొద్దూ, నేనూ మురిశాను.

మూడు వారాలకి మామూలు కవరులో తిరిగొచ్చాను. వెంట ఒక చీటీ: నాణెం అసలుదే, ఉపరితలం మార్చారు, గ్రేడు ఇవ్వలేము. అక్కడ ఒకాయన నన్ను దీపం కింద అటూ ఇటూ వంచి చూశాడు. పుట్టుకతో వచ్చిన మెరుపైతే నాణెంతో పాటు చక్రంలా తిరుగుతుంది. నాది కదల్లేదు. విభూతి గీసిన సన్నని గీతలు మాత్రం వెంట్రుకల్లా బయటపడ్డాయి. మొదట కోపం వచ్చింది గానీ తర్వాత అర్థమైంది. గ్రేడు అందానికి వేసే మార్కు కాదు. కాలం ఎలా ఉంచిందో ఇది అలాగే ఉందని, నన్నెన్నడూ చూడని మనిషికి ఇచ్చే మాట. వాడకంలో అరిగినా ఒప్పుకుంటారు, కొత్తదానిలా నటిస్తే ఒప్పుకోరు. పోయిన పొర మళ్లీ రాదు.

ఆదివారం సంఘం వాళ్లు ఇంటికొచ్చారు. అధ్యక్షుడు ప్లీడరు ఫణిభూషణం గారు భూతద్దం పెట్టి చూసి, విభూతితో తోమిన పనిలా ఉందే అన్నారు. అందరి చూపూ కాఫీలు తెస్తున్న భ్రమరాంబమ్మ మీదకి పోయింది. సోమశేఖరం గారు చీటీ మడతపెట్టే పనిలో పడ్డారు. ఆవిడ ఒక్క క్షణం భర్త ముఖం చూసింది.

"నేనేనండీ. నల్లగా ఉందని, తెలీక తోమేశాను," అని పళ్లెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆడవాళ్లకి ఏం తెలుస్తుందిలెండి అని ఎవరో నవ్వారు. ఆయనా చిన్నగా నవ్వారు. ఆ నవ్వు విన్నాక నా తళతళ మీద నాకే అసహ్యం వేసింది.

వాళ్లు వెళ్లాక ఆవిడ దెబ్బలాడలేదు. "మా నాయనమ్మ రూపాయి అది. నా చేత్తో నేనే పాడుచేసుకున్నానని అందరూ అనుకుంటారు. అనుకోనీండి. మీరు కూడా అదే నమ్మేయకండి, చాలు," అంది.

ఆ వారమంతా ఆయనకి అన్నం సయించలేదు. తర్వాతి ఆదివారం సంఘంలో నన్ను బల్ల మీద పెట్టి, "తోమింది నేను. ఆవిడ కాదు," అన్నారు. ఆపైన ఫణిభూషణం గారు లేచి ఆయన భుజం తట్టి, భార్య పరువు కోసం తప్పు నెత్తినేసుకునే మగవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు అన్నారు. చప్పట్లు మోగాయి. నిజంగా తనేనని ఆయన మొత్తుకున్న కొద్దీ చప్పట్లు పెరిగాయే గాని తగ్గలేదు. నాకు నోరుంటే ఎంత బాగుండేది!

ఇంటికి రాగానే, చెప్పారా అని ఆవిడ అడిగింది.

"చెప్పాను."

"ఏమన్నారు?"

ఆయన నన్ను జేబులోంచి తీసి ఆవిడ అరచేతిలో పెట్టి, తల వంచుకున్నారు.

"మెచ్చుకున్నారు," అన్నారు.