వలకు కుదిరిన వేలు

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. ఆ రాజు ఎచ్చెర్ల వైపు సముద్రపొడ్డున ఉండే కూర్మయ్యను చూసుంటే కప్పం కట్టి వెనక్కి తిరిగేవాడు.

అంతటి కూర్మయ్య శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు దేవమణి ముందు కుడిచెయ్యి చాపి బిక్కమొహంతో కూర్చున్నాడు. వల లాగుతుంటే తాడు మెలిపడి చూపుడువేలి నడిమి కీలు నుజ్జయింది. లాగడానికి ఊళ్లో కుర్రకారు ఉన్నారు. చిరిగిన వల బాగుచెయ్యాలంటే మాత్రం అందరూ అతని గుమ్మానికే రావాలి. ఆ పని పోతే తను మనిషి కింద లెక్క కాదని అతని భయం.

“నిటారుగా సేసీయండి డాక్టరమ్మా. వంకరగా ఉంటే ఊర్లో నవ్వుతారు.”

“ఆ కీలు ఇక దానంతట అది వంగదు కూర్మయ్య గారూ. ఎముకలు కలిపేస్తే నొప్పి పోతుంది. కానీ నేను ఏ వంపులో పెడితే జన్మంతా అలాగే ఉండిపోతుంది. ఈ వేలితో మీరు చేసే పనేమిటి?”

“వల కడతాను.”

“అయితే రేపు వల ముక్క, సూది తెచ్చుకోండి.”

ఆసుపత్రికి దుప్పటి తెచ్చుకోమంటారని విన్నాడు గానీ, వల తెమ్మనడం కూర్మయ్య ఎక్కడా వినలేదు. అయినా తెచ్చాడు.

మర్నాడు దేవమణి వేలికి మత్తిచ్చి, అతని చేతికి కర్రసూది అందించింది. వేలిని తన చేత్తో పట్టుకుని నిటారుగా ఉంచింది. సూది జారి ఒళ్లో పడింది. కొంచెం వంచింది. ముడి వదులైంది.

“ఇంకాస్త ముడవండమ్మా. ఇంకాస్త. ఆఁ, అక్కడ,” అన్నాడు కూర్మయ్య. పాఠం చెప్పేది ఇప్పుడతనే. “నిటారుగా పెట్టించుకునుంటే నా సేతులతో నేనే నా పని పాడుసేసుకుందును. నవ్వేవోళ్లని నవ్వనీయండి.”

దేవమణి సన్నని రేకు వంచి ఆ వంపు కొలత తీసుకుంది. ఆపరేషన్‌లో వేలిని సరిగ్గా అలాగే నిలబెట్టింది.

రెండు నెలలకు కట్టు విప్పించుకుని ఇంటికొస్తే, భార్య బుల్లమ్మ వేలు చూసి నొచ్చుకుంది.

“ఏటిది, కోసి కుట్టినా కుక్కతోక లాగే ఉన్నాది?”

కూర్మయ్య కర్రసూది అందుకున్నాడు. చిరిగిన వల ఒళ్లో వేసుకున్నాడు. సూది వేలి వంపులో తన చోటు తను వెతుక్కుంది. ఒక ముడి వేసి వల ఆమె వైపు తోశాడు.

“లాగి సూడు.”

బుల్లమ్మ రెండు చేతులా లాగింది. ముడి కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగితే దాచుకోకుండా కొంగుతో తుడుచుకుంది.

“సాల్లే గానీ,” అంది, “పక్కింటి పోతురాజు వల పట్టుకుని పొద్దున్నించి పెరటి గుమ్మంలో కూకున్నాడు. లోపలికి రమ్మను.”