గున్నమ్మ కొన్న తలుపు

నేను ఒక తలుపును. వేపకర్రతో చేసిన ఒంటిరెక్క తలుపును. చాలా ఏళ్లు ఒక రైసుమిల్లులో బియ్యం గదికి కాపలా కాశాను. అప్పుడు షావుకారును 'ఈ తలుపెందుకు పెట్టించావయ్యా?' అని అడిగిన మానవుడు లేడు. ఆయన ఇనుప షట్టరు బిగించుకుని నన్ను పాత కలప దుకాణానికి తోలేశాడు. అక్కడ ఎండకు ఎండి, వానకు తడిసి పడి ఉండగా గున్నమ్మ వచ్చింది.

గున్నమ్మది జీడిపిక్కలు కొట్టే పని. జీడి రసానికి నల్లబడిన చేతులతో నన్ను తట్టి చూసి, గంటసేపు బేరమాడి, కొంగుముడి విప్పింది. అవి కూతురు దమయంతి చదువుకని సర్కారు వాళ్లు ఆమె ఖాతాలో వేసిన డబ్బులు.

ఆ ఇంటికి గుమ్మం ఉంది గానీ తలుపు లేదు. పాత చీర వేలాడదీసుకున్నారు. ఊళ్లో చూస్తే కోతుల బెడద. మనిషి అలికిడి లేకపోతే చాలు, లోపల జొరబడి బియ్యం పారబోసి, గంజి తపేలా దొర్లించి పోయేవి. అందుకని తల్లి పనికి వెళితే దమయంతి కర్ర పట్టుకుని గుమ్మంలో కూర్చునేది. ఆరో తరగతి పిల్ల, వారానికి రెండు మూడు రోజులు బడి ముఖం చూస్తే గొప్ప. నన్ను బిగించిన మర్నాడే తాళం వేసి తల్లి పనికీ, కూతురు బడికీ బయల్దేరారు. ఆ తర్వాత ఆ పిల్ల బడి మానలేదు.

ఇంతలో ఆ డబ్బులు ఎవరు దేనికి వాడారో సర్వే చేసే బాబు దిగాడు.

"బడి డబ్బులు ఏం చేశావమ్మా?"

"తలుపు పెట్టించినాను బాబూ."

"చదువుకని ఇస్తే తలుపా? ఇలాగైతే వచ్చే ఏడు ఆపేస్తారు."

"అది కాదు బాబూ, కోతులొచ్చేస్తన్నాయని పిల్ల..."

అతను వినలేదు. 'దుబారా' అని పైకే చదువుకుంటూ రాసుకున్నాడు. గున్నమ్మ తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఓరి నాయనా, ఆ పిల్ల చదువు ఖర్చును నేనే కదరా అని అరవాలనిపించింది. నాకున్నది కిర్రుమనే గొంతొక్కటే, దానికీ ఆమె మొన్ననే ఆముదం పూసింది.

ఈ ఏడు మళ్లీ డబ్బులు పడ్డాయి. పుస్తకాలు తడుస్తున్నాయని గున్నమ్మ ఇంటిమీద రేకులు వేయించింది. మళ్లీ ఆ బాబే వచ్చాడు.

"ఈసారి ఏం చేశావు?"

"పుస్తకాలు, బూట్లు కొన్నాను బాబూ."

పుస్తకాలూ బూట్లూ బడిలో ఊరికే ఇస్తారని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు.

"అదీ, అలా ఉండాలి" అని సంతోషంగా రాసుకున్నాడు. నిజం చెప్పినప్పుడు తిట్లు, అబద్ధానికి మెప్పు. ఈ మనుషులతో వేగలేక చస్తున్నాను.

వెళ్లబోతూ గోడమీద కోతుల మూకను చూసి ఆగాడు.

"కోతులు తిరుగుతున్నాయమ్మా, తలుపేసుకో" అన్నాడు.

గున్నమ్మ నన్ను లాగి గడియ పెట్టింది.