చిన్న అక్షరాల శాఖ

మందుల షాపాయన ఎడమకంటి కార్నియాలో చిన్న లెన్సు పెట్టించుకుని పదేళ్ళయింది. దగ్గరి చూపు వచ్చేసిందన్న ఊపులో అప్పుడే తన కళ్ళజోడు బావమరిదికి దానం చేశాడు. "నువ్వూ ఎప్పటికైనా బాగుపడతావులేరా" అని దీవించాడు కూడా.

అప్పట్నుంచి ఇంట్లో చిన్న అక్షరాల శాఖ ఆయనదే. వారంటీ కాగితాల అడుగున షరతులు, బిళ్ళల అట్టల మీద తేదీలు, అన్నీ ఆయనే చదివేవాడు. ఏడాదిగా ఆ కంటికి మసక కమ్మింది. శాఖ మాత్రం వదల్లేదు. షాపులో డబ్బా రంగు చూసి, ఇంట్లో ధైర్యం చేసి నెట్టుకొచ్చాడు. ఏ బిళ్ళ చూపించినా "ఇంకా రెండేళ్ళుంది" అనేవాడు.

పదో ఏటి పరీక్షకు వెళితే ఆస్పత్రిలో ఒక ఫారం ఇచ్చారు. చెయ్యి చాపి చూశాడు. చెయ్యి చాల్లేదు. భార్యకిచ్చాడు.

"జోడు లేకుండా చిన్న అక్షరాలు చదవగలరా అని అడిగారండీ."

"చదవగలనని టిక్కు పెట్టు."

"పెడతాను. దాని కింద, ఈ ఫారం మీరే చదివారా అనుంది."

ఆయన గొంతు తగ్గించాడు.

"మొన్న ఒక ముసలాయనకి ఐదు బదులు యాభై పవరు బిళ్ళ తీశాను. డబ్బా రంగు తేడాగా ఉందని ఆగాను."

"రంగు ఒకటే అయుంటే?"

ఆయన పెన్ను లాక్కుని 'చదవలేను' అని స్వయంగా రాశాడు. అక్షరాలు గీత దాటి పక్క ప్రశ్నలోకి వెళ్ళాయి.

"లెన్సు చుట్టూ పొర మసకబారింది," అన్నాడు డాక్టరు. "మీరు ఇన్నాళ్ళూ వేసుకున్న చుక్కలమందుతో తగ్గలేదు. ఇప్పుడే తీసేస్తే చాలావరకు తేరుకుంటుంది. దగ్గరి చూపుకి మాత్రం మళ్ళీ జోడు తప్పదు."

ఆయనకి ముందు బావమరిది మొహం, తర్వాత ముసలాయన మొహం గుర్తొచ్చాయి.

"తీసెయ్యండి."

వచ్చేవారానికి తేదీ తీసుకుని, అట్నుంచి అటే భార్యతో బావమరిది ఇంటికెళ్ళాడు. జోడు బావమరిది ముక్కు మీదే ఉంది.

"ఎలా పనిచేస్తోందిరా?"

"పదేళ్ళలో ఒక్కసారి మర వదులైంది బావా. నేనే బిగించుకున్నా."

ఆయన జోడు లాక్కుని పెట్టుకుని, భార్య సంచిలోంచి తలనొప్పి బిళ్ళల అట్ట తీసి చదివాడు.

"తేదీ దాటి ఎనిమిది నెలలైంది."

"రెండేళ్ళుందన్నారుగా?" అంది భార్య.

"అది నేనన్నాను. ఇది వాళ్ళు రాసింది." అట్టను చెత్తబుట్టలో పడేశాడు. "రేపు షాపు తియ్యను. ముందు అలమరలన్నీ చదవాలి."

"మరి నా జోడో?" అన్నాడు బావమరిది.

"కొత్తది వచ్చేదాకా చెయ్యి చాపి చదువుకో. నేనూ ఏడాది అలాగే చదివాను."