పేక పోగు

"మనసు పెట్టి చేస్తే ఇస్త్రీ కూడా ధ్యానమేనోయ్," అన్నాడు భర్త, కాఫీ కప్పు పట్టుకుని వంటింటి గుమ్మానికి ఆనుకుని. అన్న మనిషి జన్మలో ఇస్త్రీపెట్టె ముట్టుకున్న పాపాన పోలేదు. ఆమె చొక్కా తిప్పి వేసింది. కాలర్ అయింది, భుజాలు అయ్యాయి, ఇంకా చేతులు మిగిలాయి. ధ్యానమే అయితే తనకి ఈపాటికి మోక్షం వచ్చి ఉండాలని మనసులో అనుకుని, చొక్కా చెయ్యి బల్ల మీద పరిచింది.

రెండేళ్ళ కిందట అతను ఎక్కడో ఉపన్యాసం విని వచ్చాడు. పాలిస్టర్ అంటే ప్లాస్టిక్కేననీ, ఉతికినప్పుడల్లా కంటికి కనపడని నూగు నీళ్ళలో కలిసి చేపల కడుపుల్లోకీ, అక్కడి నుంచి మన కడుపుల్లోకీ వస్తుందనీ భోజనాల దగ్గర చెప్పాడు. మర్నాడు ఇంట్లో ఉన్న పాలిస్టర్ బట్టలన్నీ మూటగట్టాడు. మూటలో అతనివి నాలుగు చొక్కాలు, తక్కినవన్నీ ఆమెవి. ఆరేసిన గంటలో ఆరిపోయి, దులిపి వేసుకుంటే సరిపోయే ఆఫీసు బట్టలు. అవి వెళ్ళిపోతుంటే ఆమె మొహం చూసి అత్తగారు, "ప్లాస్టిక్కు పోతే ఏడుస్తావేంటమ్మాయ్, వాడు మన మంచికేగా చెప్పేది," అంది. నిజమే, అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆ సంగతి అతనికంటే ఆమెకే బాగా తెలుసు. అసలు బాధల్లా అదే.

తెలియకేం, ఆమె పనిచేసేదే బట్టలు పరీక్షించే ల్యాబులో. గుడ్డలోంచి పోగు లాగి, పటకారుతో పట్టుకుని, మంటలో పెట్టి చూడడం ఆమె పని. నూలయితే చప్పున అంటుకుని కాగితంలా కాలుతుంది. కాలిన కాగితం వాసనే వస్తుంది, వేళ్ళ మధ్య నలిపితే మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరయితే మంటని చూడగానే ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసగా మిగులుతుంది. పదకొండేళ్ళుగా రోజుకి వంద పోగులు కాల్చినందుకు తోటివాళ్ళు ఆమెకి అగ్గిపుల్ల అని పేరు పెట్టారు. కాల్చేది అగ్గిపుల్ల, రిపోర్టు కింద సంతకం పెట్టేది మాత్రం మరొకరు. ఆమె తర్వాత చేరిన ఇద్దరు మగవాళ్ళు డిపార్ట్‌మెంట్ పరీక్ష రాసి, ఇప్పుడు ఆమె రాసిచ్చిన కాగితాల మీదే సంతకాలు పెడుతున్నారు. "మీకెందుకండీ ఈ వయసులో పరీక్షలు, ఇంటికెళ్ళి హాయిగా ఉండక," అన్నాడు ఒకడు. ఇంటికెళ్తే హాయిగా ఉంటుందని అతనికెవరు చెప్పారో ఆమెకి అర్థం కాలేదు.

ఆ పరీక్ష ఆమె కూడా రాయాలనుకుంది. అనుకుంటే సరా. నూలు బట్టలు రంగుకో బకెట్టు చొప్పున విడివిడిగా నానబెట్టాలి. చేత్తో ఉతకాలి, నీడన ఆరేయాలి, పూర్తిగా ఆరకముందే తడి మీద ఇస్త్రీ చేయాలి. ఒక్కో చొక్కాకి పావుగంట, ఏమాత్రం ఆలస్యమైనా ఎండుటాకులా బిగుసుకుపోయి మరో పది నిమిషాలు. ఉతకడానికి మనిషిని పెట్టుకుందామంటే, "మన పని మనం చేసుకోవడమే సహజ జీవనం," అన్నాడు. మన అన్న మాటలో తానున్నట్టు అతనికి తోచినట్టు లేదు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆఫీసు బస్సు ఎక్కేదాకా ఆమెకి పుస్తకం తెరిచే వేళ ఎక్కడా మిగల్లేదు.

అలాంటప్పుడు దొరికింది ఆ కొత్త కొట్టు. కొట్టాయన థాను పరిచి, "నూటికి నూరుపాళ్ళు నూలు సార్, నా మాట నమ్మండి," అన్నాడు. భర్త నమ్మాడు. ఆమె గుడ్డ అంచు వేళ్ళ మధ్య పెట్టి ఒక్కసారి నలిపింది, అంతే. చొక్కా కుట్టించుకుని వచ్చాక కుట్టు లోపలి నుంచి రెండు పోగులు లాగి గ్యాస్ పొయ్యి మీద పెట్టింది. నిలువునా వచ్చే పడుగు పోగు బూడిదైంది. అడ్డంగా నేసిన పేక పోగు ముడుచుకుని నల్ల పూసైంది. సగం నూలు, సగం పాలిస్టర్. చెబుదామని చొక్కా పట్టుకుని ముందు గదిలోకి రెండడుగులు వేసింది కూడా. ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చి ఆగింది. మర్నాడు పొద్దున ఆ చొక్కా నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

మొదటిసారి ఊరుకోవడమే చేసింది. రెండోసారి మాత్రం, "ఆ కొట్లోనే తీసుకుందామండీ, మీకు బాగా నప్పాయి," అని తానే చెప్పింది. ఏడాది తిరిగేసరికి అతని బీరువా నిండా ఆ చొక్కాలే. ఆమెకి పొద్దున అయిదున్నర నుంచి ఆరు దాకా అరగంట మిగిలింది. అత్తగారు లేవకముందు, పాలు రాకముందు, వంటింటి బల్ల దగ్గర తన పుస్తకం, తన పెన్సిలు, తన అరగంట. ఆ చొక్కాలు ఉతికినప్పుడు నీళ్ళలోకి ఏం పోతోందో ఆమెకి తెలుసు. బకెట్టు ఒంపేటప్పుడు ఆ నీళ్ళవైపు చూసేది కాదు. అరగంట కోసం అన్ని చేపలకి అన్యాయం చేశానని బాధపడేది, మళ్ళీ మర్నాడు అయిదున్నరకి లేచి పుస్తకం తెరిచేది.

పరీక్షకి మూడు వారాలుందనగా ల్యాబుని జనానికి తిప్పి చూపించే రోజు వచ్చింది. భర్త తన సహజ జీవన బృందాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముందుగా చెప్పలేదు. ఆమె బల్ల చుట్టూ ఇరవై మంది నిలబడ్డాక, సంచిలోంచి నీలం చొక్కా తీసి ఆమె ముందు పెట్టాడు.

"మాటలు కాదు, రుజువు కావాలి. మీ అందరి ముందూ మా ఆవిడే పరీక్ష చేస్తుంది," అన్నాడు.

ల్యాబు పెద్ద మేడం ఓ పక్కగా నిలబడి చూస్తోంది. ఎవరి పేరు పరీక్షకి పంపాలో తేల్చేది ఆవిడే. ఆమె పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. పేక లాగితే అందరి ముందూ అతని పరువు పోతుంది, అది సరే, రేపటి నుంచి అసలు నూలు చొక్కాలు వస్తాయి, అరగంట పోతుంది. పడుగూ పేకా రెండూ విడివిడిగా కాల్చకుండా బట్ట ఇదీ అని తేల్చకూడదన్నది ల్యాబులో చేరినరోజే నేర్పే మొదటి పాఠం. అది తెలిసినవాళ్ళు అక్కడ ఆమె కాక పెద్ద మేడం ఒక్కరే. ఫోన్ మోగి ఆవిడ పక్కకి తిరిగింది. ఆమె వేళ్ళు వాటంతటవే పడుగు పోగు మీదికి వెళ్ళాయి.

పోగు చప్పున అంటుకుంది. కాలిన కాగితం వాసన వచ్చింది. భర్త బూడిదని వేళ్ళ మధ్య నలిపి అందరికీ చూపించాడు. చప్పట్లు కొట్టారు.

"చూశారా, అసలైన నూలు," అన్నాడు అతను. "ఇంకో సంగతి చెప్పనా? ఇదివరకు మా ఇంట్లో నూలు చొక్కా ఇస్త్రీ అంటే పెద్ద రభస. వెన్ను నొప్పి, చెయ్యి నొప్పి, టైము లేదు. ఈ చొక్కాలొచ్చాక నాలుగు నిమిషాల్లో చేసేస్తోంది. అంటే లోపం నూలులో లేదన్నమాట, చేసేవాళ్ళ మనసులో ఉంది."

అందరూ నవ్వారు. వాళ్ళలో ఉన్న నలుగురైదుగురు ఆడవాళ్ళు కూడా, ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, నవ్వారు. దొంగకు తేలు కుట్టినట్టు ఆమె పటకారు తుడుస్తూ కూర్చుంది. నోరు తెరిస్తే ముందు తన అబద్ధమే బయటపడుతుంది.

జనం వెళ్ళాక పెద్ద మేడం వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఫోన్లో ఉన్నా చూశాను, పేక తీయలేదు నువ్వు," అంది.

"మరిచిపోయాను మేడం."

"పదకొండేళ్ళలో నువ్వు మరిచిపోవడం నేను చూడలేదమ్మా. నా భయం అదే." ఆవిడ గొంతులో కోపం లేదు. "మొగుడి బట్ట కదాని ఇవాళ ఒక పోగు వదిలేశావు. రేపు సంతకం చేతికొస్తే ఎవరి కోసం ఏం వదిలేస్తావో. ఈసారికి నీ పేరు పంపలేను."

అతని కోసం కాదు మేడం, అనబోయింది. మరి ఎవరి కోసమని అడిగితే చెప్పాలి. ఏడాదిగా అబద్ధపు గుడ్డని ఇంట్లో పెట్టుకున్నది సంతకం పెట్టే ఉద్యోగం కోసమేనని చెబితే, ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇవ్వొచ్చేమో గానీ ఆమెకి ఇవ్వకూడదు. ఆవిడ స్థానంలో తానున్నా అదే చేసేది. "సరే మేడం," అంది.

ఆ సాయంత్రం ఇంట్లో అతను తల్లికి పరీక్ష సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. "ఇంత తేలికని తెలియక ఆగాం. దుప్పట్లు, కర్టెన్లు, తువ్వాళ్ళు అన్నీ నూలే చేసేద్దాం. మా బృందంలో ఒకాయనకి నేతగాళ్ళు తెలుసట, దగ్గరుండి నేయిస్తాడు."

"ఎప్పట్నుంచో చెబుతున్నా, చేసే చెయ్యుంటే పనెంతలో అవుతుందని," అంది అత్తగారు. ఆమె కంచాలు తీసింది.

మర్నాడు అయిదున్నరకి అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. వంటింటి బల్ల మీద పుస్తకం ఉంది. తెరిచి, పెన్సిలుతో గీతలు గీసుకున్న పేజీలు తిప్పి, మూసి, పాత పేపర్ల కింద పెట్టింది. అరగంట అలాగే ఉంది, దాంతో ఏం చేయాలో తెలియలేదు. దాన్ని దాచుకోవడానికి ఇక కారణం కూడా లేదు. కాసేపు ఊరికే కూర్చుని ఏడ్చింది. ఏడుపు ఎంతోసేపు రాలేదు.

ఆరింటికి అతను లేచి వచ్చాడు. "నిన్నటి నీలం చొక్కాయే వేసుకుంటానోయ్. ఇవాళ మా ఆఫీసులో మాట్లాడమన్నారు, అదే చూపిస్తా."

ఆమె చొక్కా బల్ల మీద వీపు పైకి వచ్చేలా పరిచింది. ఇస్త్రీపెట్టె మీది చక్రం ఏడాదిగా నడిమి గుర్తు దగ్గరే ఉంది, దాన్ని నూలు అని రాసి ఉన్న చివరి గుర్తుదాకా తిప్పింది. వెలుగుతున్న ఎర్ర దీపం ఆరిపోయేదాకా ఆగింది. రేపటి నుంచి ఒక్కో చొక్కాకి పావుగంట, పైన దుప్పట్లు, కర్టెన్లు. చెయ్యి నొప్పి తనదే, వెన్ను తనదే. సంతకం రాదు. ఇవన్నీ తెలిసే తిప్పింది.

"ఎప్పుడూ అంత వేడి పెట్టవు కదా?" అన్నాడు అతను కాఫీ ఊదుకుంటూ.

"అసలైన నూలే కదండీ. నూలుకి ఇదే వేడి," అంది ఆమె.

ఇస్త్రీపెట్టెని వీపు నడిమధ్యన ఆనించి చెయ్యి తీసేసింది. అతను కప్పు దించి దగ్గరికి వచ్చాడు. పెట్టె కింద గుడ్డ ముడుచుకుంటుంటే ఇద్దరూ వంగి చూశారు. కాలిన కాగితం వాసన రాలేదు.