నాలుగో జారుడు

తమ్ముడు మంచువాలు మీద జారి చనిపోయిన రోజున ఆమె ఆరో తరగతికి భిన్నాలు చెబుతోంది. కబురు తెచ్చిన గుమస్తా గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేసి, చేతులు దులుపుకుని, అప్పుడు బయటికి వచ్చింది. తమ్ముడి మంచుగొడ్డలి సంచీకి కట్టింది కట్టినట్టే ఉందని తర్వాత ఎవరో చెప్పారు. చేతిలో ఉంటే మంచులో దిగేసి ఆగేవాడేమో. ఆ 'ఏమో' ఆమెను పద్నాలుగు నెలలు కుదురుగా కూర్చోనివ్వలేదు.

యాభై మూడేళ్ల వయసులో, అద్దెకు తెచ్చుకున్న బూట్లతో, హెల్మెట్‌తో కొత్తవాళ్లకిచ్చే మంచుకొండల శిక్షణలో చేరింది. నాలుగు రకాలుగా జారి, నాలుగుసార్లూ తమను తాము ఆపుకోగలిగినవాళ్లనే ఐదో రోజున కనుమ మీదికి తీసుకెళతారు. తమ్ముడు జారిన వాలు ఆ దారిలోనే ఉంది. దాన్ని తన కాళ్లతో దాటాలని ఆమె పట్టుదల.

బూటు మొనతో మంచులో మెట్టు కొట్టడం మొదటిరోజే వచ్చేసింది. మడమ దిగేసి కిందికి నడవడం రెండో రోజుకు. కాళ్లు ముందుగా బోర్లా జారినా, వెల్లకిలా జారినా, తల ముందుగా బోర్లా జారినా ఎలాగో ఆగింది. నాలుగోది మాత్రం, తల ముందుగా వెల్లకిలా జారడం, కొరకరాని కొయ్యయి కూర్చుంది. నాలుగో రోజు మధ్యాహ్నానికి మూడుసార్లు గొడ్డలి చేజార్చుకుంది.

"టీచరుగారూ, మళ్లీ చెయ్యి చాచేశారు," అంది శిక్షణ ఇచ్చే అమ్మాయి. "బోర్డు పైకొసన తేదీ వేస్తున్నట్టు."

"ముప్పై ఏళ్ల అలవాటమ్మా. దానంతటదే లేస్తుంది."

"చాచిన చేతికి బలం ఉండదండీ. మీ బరువంతా గొడ్డలి మీద పడాలి."

వాలు అడుగున చదునుగా ఉన్నచోట తోటి విద్యార్థి, బేకరీ నడిపే భారీ మనిషి, చెయ్యిచ్చి లేపాడు. "రండక్కా. బస్టాండులో చుట్టాల్ని దింపుకున్నట్టుంది నా పని."

"నీకేం, నీది అయిపోయిందిగా."

"అయిందా పాడా. నా బరువు చూసి కొండే దడుచుకుని ఆపేసింది."

అమ్మాయి గొంతు తగ్గించింది. "ఇంకొక్కసారి చూద్దాం. కాకపోతే వచ్చే నెల రండి. రేపు మాత్రం తీసుకెళ్లలేను. ఏమీ అనుకోకండి."

"అనుకోను. నేనూ మార్కులు వేసేదాన్నే."

ఆమె మెట్లు కొట్టుకుంటూ పైకి నడిచింది. చెయ్యి చాచకూడదు, సరే. మరి ఎలా ఉంచాలి? ఒకసారి పరీక్షల రోజుల్లో, జడివానలో, జవాబు పత్రాల కట్టతో బడి ఆవరణ దాటింది. మోచేతులు పక్కలకు బిగించి, గడ్డం దించి, మనిషంతా కట్ట మీదికి వంగిపోయింది. ఒక్క కాగితం తడవలేదు. అప్పుడు ఎవరూ నేర్పలేదు.

గొడ్డలిని అలాగే గుండెకు హత్తుకుని, తల కిందికి పెట్టి, వెల్లకిలా పడుకుని వదిలేసింది.

ఆకాశం కదిలింది. మెడలోకి మంచు దూరింది. మోచెయ్యి విడవకుండా గొడ్డలి మొనను నడుము పక్కన దిగేసింది. దాని చుట్టూ కాళ్లు గడియారం ముల్లులా కిందికి తిరిగాయి. బోర్లా తిరిగి, భుజాన్నీ ఛాతీనీ గొడ్డలి మీద మోపి, బూటు మొనలు గుచ్చింది. మంచు కర్రుమంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆమె వాలు సగంలో ఆగి ఉంది.

"ఏమక్కా, రారేం?" కిందినుంచి బేకరీ ఆయన అరిచాడు. "చాచిన చెయ్యి నొప్పి పుడుతోంది."

"ఇక రాను," అంది. "నువ్వే ఎక్కి రా."

తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. అమ్మాయి దిగి వచ్చి మొన ఎంత లోతు దిగిందో చూసింది. గాలివాటుగా వచ్చింది కాదని తేల్చుకోవడానికి ఇంకో రెండుసార్లు జారమంది. ఆమె రెండుసార్లూ ఆగింది. మూడోసారి అడక్కుండానే పైకి వెళ్లి జారింది, అంతకన్నా తొందరగా ఆగింది.

"చాలండీ," అంది అమ్మాయి నవ్వుతూ. "రేపటికి కాస్త ఓపిక మిగుల్చుకోండి. తెల్లవారగానే బయల్దేరతాం. అందరం ఒకే తాడు కట్టుకుని నడుస్తాం, నా వెనక మీరే."

ఆమె గొడ్డలిని సంచీకి కట్టలేదు. చేతిలోనే పట్టుకుని దిగింది.

తమ్ముడు జారిన వాలు ఇంకా దాటలేదు.