పాత్రతో సహా

కృపావరానికి పాత బ్రోచ్‌ల పిచ్చి ఒక పిన్నీసు వల్ల పట్టుకుంది. అమెరికా వచ్చిన కొత్తలో ఒక ఆదివారం చర్చికి వెళ్తుంటే కారులోనే భుజం మీద పిన్నీసు విరిగింది. తెల్లచీర పమిట మడతలు జారిపోతుంటే, దారిలో ఎవరింటి ముందో పాత సామాను అమ్ముతూ కనిపించారు. డాలరు పెట్టి ఆకు ఆకారంలో ఉన్న బ్రోచ్ ఒకటి కొని తగిలించుకుంది. ఆ పూట ఆమె మనసు పాటల్లో లేదు, ప్రసంగంలోనూ లేదు, భుజం మీదే ఉంది. దేవుడు క్షమించాడనే అనుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత పదకొండేళ్లలో డెబ్బై రెండు బ్రోచ్‌లు ఆమె ఇల్లు చేరాయి.

బ్రోచ్‌ల వెనకే కట్ గ్లాస్, అంటే నగిషీలు కోసిన గాజు సామాను, వచ్చింది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సామానంతా అమ్మకానికి పెట్టే ఎస్టేట్ సేల్ ఎక్కడున్నా శనివారం పొద్దున్నే కృపావరం అక్కడ హాజరు. బ్రోచ్‌ని ముందు వెనక్కి తిప్పి కొక్కెం చూస్తుంది. గాజు గిన్నెనైతే వేలితో తడుముతుంది. అచ్చు పోసిన గాజు అంచులు నున్నగా ఉంటాయి, చేత్తో కోసినవి వేలికి గుచ్చుకుంటాయి. ఆ తర్వాత గోటితో చిన్నగా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. చూసేవాళ్లకి నవ్వొస్తుంది గానీ, అందులో ఆమెను మించినవాళ్లు ఆమె ఉండే శాన్ రామన్ చుట్టుపక్కల లేరు.

ఆమె భర్త మోజెస్ డేటాబేస్‌ల మనిషి. ఎస్టేట్ సేల్‌కి దింపుతాడు, కారులో కూర్చుని క్రికెట్ చూస్తాడు, తిరిగొచ్చాక మూటలు మోస్తాడు. ఆయన దృష్టిలో బ్రోచ్‌లన్నీ పిన్నీసులే, కట్ గ్లాస్ అంతా పెంకులే. ఇంటికి ఎవరైనా వస్తే, "రండి, మా ఆవిడ పెంకుల మ్యూజియం చూద్దురుగాని," అంటాడు. కృపావరం కూడా వాళ్లతో పాటు నవ్వేది. ఒక్కోసారి ఆ మాట గుచ్చుకునేది, కానీ ఇరవై ఏడేళ్ల కాపురంలో ఇలాంటివి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే తెల్లారినట్టే.

ఆ పెంకులన్నిటికీ మహారాణి ఒక గిన్నె. వందేళ్ల పైబడినది, అడుగున పెద్ద నక్షత్రం, చుట్టూ చిన్న చిన్న నక్షత్రాలు, ఎక్కడా బీట లేదు, అంచు రాలలేదు. అలాంటి దానికోసం ఏళ్ల తరబడి వెతికి, చివరికి ఒక రోజు తెల్లవారుజామున చలిలో రెండు గంటలు వరసలో నిలబడి సంపాదించింది. గోటితో కొడితే గుడిగంటలా మోగి, ఆ మోత తగ్గడానికి చాలాసేపు పట్టేది. ఎండ పడేవేళ దాన్ని కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే గోడ మీద రంగులు పరుచుకునేవి. అందులో ఇంతవరకూ ఒక పండు కూడా పెట్టనివ్వలేదు.

అలాంటి గిన్నె కోత పండుగ నాడు చర్చిలో వేలానికి వచ్చింది.

కోత పండుగ అంటే ఊళ్లో పండిన ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి దేవుడి ముందు పెట్టి వేలం వేసేవారు. శాన్ రామన్ పక్క ఊరు డబ్లిన్‌లోని తెలుగు చర్చిలో ధాన్యం ఎవరు పండిస్తారు? పెరట్లో కాసిన సొరకాయలు, వంటింట్లో చేసిన పచ్చళ్లు, మిఠాయిలు తెస్తారు. మూడేళ్ల కిందట వేలం అయ్యాక గిన్నెలు తారుమారై, ఎవరి మూత ఎవరింట్లో ఉందో తేలేసరికి క్రిస్మస్ వచ్చింది, ఇద్దరు ముగ్గురికి మాటలు కూడా పోయాయి. దాంతో సంఘ పెద్ద రాజారావు ఒక నియమం పెట్టాడు. ఏ వస్తువైనా పాత్రతో సహా పాడాలి, పాడినవాళ్లదే పాత్ర. అప్పటినుంచి అందరూ తెలివి తెచ్చుకుని రేకు ట్రేల్లోనే తెస్తున్నారు.

కృపావరం ఆసుపత్రిలో ఫార్మసిస్టు. ఆ ఆదివారం పొద్దుట డ్యూటీ పడింది. ముందురోజే సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టి, పక్కన రేకు ట్రే కూడా పెట్టి, సర్ది తీసుకెళ్లమని మోజెస్‌కి చెప్పింది. మధ్యాహ్నం చర్చికి చేరేసరికి ఆరాధన అయిపోయింది, కానుకల మీద ప్రార్థన కూడా అయిపోయింది. బల్ల మీద రేకు ట్రేల మధ్య మహారాణి ధగధగలాడుతోంది, నిండా సున్నుండలతో.

 కృపావరం వెనక్కి తిరిగి నేరుగా పార్కింగ్ వైపు నడిచింది. అక్కడ మోజెస్ చేతిలో గరిటతో బిర్యానీ దేగిసా ముందు నిలబడి ఉన్నాడు.

"రేకు ట్రే ఏమైందండీ?" అని అడిగింది.

"దేవుడి బల్ల మీద రేకేం బాగుంటుందిలే అని, షోకేస్‌లో అన్నిటికంటే బాగున్నది తీసి పెట్టాను. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు, చూశావా?"

"పాత్రతో సహా పాడతారు కదండీ."

"ఆ రూల్ ఎప్పుడు పెట్టారు?"

"మూడేళ్లయింది."

మూడేళ్లుగా వేలం జరిగే వేళకి మోజెస్ బిర్యానీ దగ్గరే ఉంటున్నాడు. ఆయన చేతిలో గరిట ఆగిపోయింది. కృపావరం ఇంకేదో అనబోయి, "సరేలెండి," అని మాత్రం అని లోపలికి వెళ్లిపోయింది. ఆ మనిషి చేసిన తప్పేమిటి? ఉన్నవాటిలో మంచిది దేవుడికి పెట్టాడు. అలా పెట్టాలని సండే స్కూల్ పిల్లలకి నేర్పేది తనే.

ప్రార్థన అయిన కానుకని వెనక్కి ఇమ్మని అడగడానికి నోరు రాదు. పోనీ తనే పాడుకుందామా అంటే, తన సున్నుండలు తనే కొనుక్కుంటోందని నవ్వుతారు. పైగా గిన్నె సంగతి బయటపడితే ఆ సున్నుండల మీద ఎంతమంది కన్ను పడుతుందో తెలియదు. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె పరిస్థితి. చుట్టూ చూస్తే గాయక బృందంలో పాడే అబిగేల్ కనిపించింది. ఇక్కడే పుట్టి, కాలేజీలో చదువుతున్న పిల్ల. పక్కకి పిలిచి చెవిలో చెప్పింది.

"బట్ ఆంటీ, అవి మీరే చేశారు కదా. మళ్లీ మీరే కొంటారా?" అంది అబిగేల్.

"కారణం తర్వాత చెప్తాను తల్లీ. నేను నీ వెనకే కూర్చుంటాను. భుజం మీద తడితే పెంచు."

వారమంతా ఆఫీసు మీటింగుల్లో మ్యూట్‌లో ఉండే రాజారావుకి ఏడాదికి ఒక్కసారి ఇలా మైకు దొరుకుతుంది. సొరకాయని పొగిడి పొగిడి నలభై డాలర్లకి అమ్మాడు. ఆవకాయ సీసాతో ముగ్గురికి పోటీ పెట్టాడు. చివరికి గిన్నె పైకెత్తి, "సిస్టర్ కృపావరం గారి చేతి సున్నుండలు, ఇరవై డాలర్లు," అన్నాడు. గిన్నె అంచు పట్టుకుని ఎత్తాడు. కృపావరం కళ్లు మూసుకుంది.

"ముప్పై," అంది అబిగేల్.

"నలభై," అంది వెనక తలుపు దగ్గర నుంచి ఒక గొంతు.

జూడ్. డబ్లిన్‌లో ముగ్గురు స్నేహితులతో అపార్ట్‌మెంట్‌లో ఉండే సాఫ్ట్‌వేర్ కుర్రాడు. తిండి కోసం పాడుతున్నాడు, వందలోపు జారుకుంటాడులే అనుకుంది కృపావరం. వంద దాటింది, జూడ్ జారుకోలేదు. నూట యాభై దాటింది. ఒక్కొక్క సున్నుండ పది డాలర్లకి ఎక్కింది. జనం భోజనాల సంగతి మరిచిపోయి ఇటు అబిగేల్‌నీ, అటు జూడ్‌నీ చూస్తున్నారు. పెళ్లికాని పిల్లాడు, పెళ్లికాని పిల్ల, పంతం పట్టి పాడుకుంటుంటే వెనక వరసల్లో ఆంటీల ముఖాలు వికసించాయి. అబిగేల్ తల్లి అప్పుడే జూడ్ వాళ్లది ఏ ఊరో పక్కావిడని వాకబు చేస్తోంది.

"రెండొందల యాభై," అంది అబిగేల్ చెమట తుడుచుకుంటూ.

 జూడ్ తల తిప్పి తలుపు బయటికి చూసి, ఆ తర్వాత, "మూడొందలు," అన్నాడు.

ఈ పిల్లాడు ఎవరిని చూస్తున్నాడు? కృపావరం కుర్చీలోంచి కొంచెం పక్కకి వంగింది. తలుపు అవతల మోజెస్ నిలబడి ఉన్నాడు. కుడి చేతిలో బిర్యానీ గరిట, దాన్నుంచి మెట్ల మీద నూనె కారుతోంది. ఎడమ చేయి గాల్లో ఉంది, మూడు వేళ్లు తెరిచి ఉన్నాయి. ముఖం చూస్తే ఆఖరి ఓవర్ చూస్తున్నట్టు ఉంది.

ఆమెకి ముందు నవ్వు వచ్చింది. మొగుడూ పెళ్లాం చెరొకర్ని పెట్టుకుని, ఒకే ఇంటి డబ్బుతో ఒకరి మీద ఒకరు పాడుకుంటున్నారు. ఇక్కడ ఆపేస్తే గిన్నె ఎలాగూ ఇంటికే వస్తుంది. బుద్ధి ఉన్న ఎవరైనా ఆపేస్తారు. కానీ ఇన్నేళ్లుగా ఆమె తెలుసుకోవాలనుకుంటున్నది ఒకటుంది, ఎవరినీ అడగలేనిది. పెంకులంటాడే ఈ మనిషి, ఆ పెంకు కోసం ఎంతదాకా వస్తాడు? కృపావరం అబిగేల్ భుజం మీద తట్టింది.

"మూడొందల యాభై."

మోజెస్ నాలుగో వేలు తెరవడానికి క్షణం కూడా పట్టలేదు.

"నాలుగొందలు," అన్నాడు జూడ్.

ఆమె మళ్లీ తట్టింది. నాలుగొందల యాభై. బొటనవేలు కూడా తెరుచుకుంది. అరచేయంతా తెరిచి, మునివేళ్ల మీద లేచి, జూడ్‌కి కనపడదేమోనని ఊపుతున్నాడు. కృపావరం కళ్లు మసకబారాయి. ఆమెకి ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందంటే, లేచి వెళ్లి అందరి ముందూ ఆ చేయి పట్టుకోవాలనిపించింది. "చాలమ్మా, ఇంక వద్దు," అంది అబిగేల్‌తో.

"ఐదొందలు, ఒకటోసారి, రెండోసారి," అని రాజారావు పైకప్పు ఎగిరేలా అరిచి మూడోసారి కూడా అనేశాడు. జనం చప్పట్లు కొట్టారు. జూడ్ సున్నుండలు అక్కడికక్కడే అందరికీ పంచి, ఖాళీ గిన్నె పట్టుకుని బయటికి పరిగెత్తాడు.

కృపావరం పార్కింగ్‌లోకి వచ్చేసరికి మోజెస్ చొక్కా అంచుతో గిన్నెలో నెయ్యి తుడుస్తున్నాడు.

"ఆ అబిగేల్ వెనక ఎవరో ఉన్నారు కృపా. రేటు అంతా వాళ్లే పెంచేశారు," అన్నాడు.

"నేనే ఉన్నాను."

మోజెస్ తుడవడం ఆపేశాడు. "మరి నన్ను చూశావా?"

"మూడు వేళ్లప్పుడు చూశాను."

"అప్పుడే ఆపేస్తే రెండొందలు మిగిలేవి కదే."

"మిగిలేవి. ఇన్నేళ్లూ మీరు పెంకులు, పెంకులు అంటుంటే నిజమే కాబోలు అనుకున్నానండీ. ఎంతదాకా వస్తారో చూడాలనిపించింది."

ఆయన గిన్నె ఆమె చేతుల్లో పెట్టాడు.  తర్వాత కొంచెం కోపంగానే అడిగాడు.

"మరి ఐదొందల దగ్గర ఎందుకు ఆపావు?"

"మీకు వేళ్లు అయిపోయాయి కదా."

"గరిట కింద పెట్టబోతున్నాను. ఇంతలో నువ్వే ఆపేశావు," అన్నాడు మోజెస్.